నెత్తిన బఠాణీ తురాయి: అసీల్ కోడి చెప్పే జన్యుపాఠం

మన బడిలో పెద్ద పిల్లల తరగతికి వెళ్ళి, కోడి గురించి అయిదు వాక్యాలు రాయమంటే నాలుగు వాక్యాలు తిండి గురించే వస్తాయి. బిర్యానీ, నగ్గెట్లు, ఆమ్లెట్టు, ఆదివారం రోస్టు. అయిదో వాక్యం మాత్రం "కోడి కొక్కొరొకో అని కూయును" అని వాచకంలో ఉన్నట్టు రాస్తారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. స్టీవెనేజ్‌లో పుట్టి పెరిగిన పిల్లలకి కోడి అంటే సూపర్‌మార్కెట్టు ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ డబ్బాలో దొరికే వస్తువు. దానికి ఒక జాతి, ఒక ఊరు, ఒక వంశం ఉంటాయని వాళ్ళకెవరూ చెప్పలేదు.

అందుకని ఈ ఏడాది సంచికకి కోడి మీదే సైన్సు పాఠం. నేను జీవశాస్త్రం చదివినవాణ్ణి కాదు. అక్కడ ఇంజనీరింగు చదివి, ఇక్కడ ప్రోగ్రాములు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అయితే జన్యువులు కూడా ఒకరకం ప్రోగ్రామే కాబట్టి నాకు తెలిసిన భాషలోనే చెప్పే ప్రయత్నం చేస్తాను. పెద్ద పిల్లలు సొంతంగా చదువుకోవచ్చు. చిన్నవాళ్ళకి అమ్మానాన్నలు పక్కన కూర్చుని చదివి చెప్పాలి. ఆఖర్న ఇంటిపని కూడా ఉంది సుమా!

ముందు కొన్ని మాటలు

మగది పుంజు, ఆడది పెట్ట. గుడ్ల మీద కూర్చుని వెచ్చబెట్టడం పొదగడం. సరిగ్గా 21 రోజులు పొదిగితే పిల్ల బయటికొస్తుంది. రాత్రి పూట కోళ్ళని కమ్మే వెదురు అల్లిక గంప. మా నాయనమ్మ సాయంత్రం అయ్యేసరికి "బా బా బా" అని పిలుస్తూ నూకలు చల్లేది, కోళ్ళన్నీ పరిగెత్తుకొచ్చేవి. నెత్తి మీద ఎర్రగా ఉండేదాన్ని మన ఊళ్ళలో జుట్టు అంటారు, కొందరు తురాయి అంటారు. ఈ పాఠంలో తురాయి అనే అందాం, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక మన కథానాయకుడు అసీల్. ఈ పేరు అరబ్బీ నుంచి వచ్చింది. స్వచ్ఛమైన, మేలుజాతి అని అర్థం. మనం రోజుకి పాతికసార్లు "అసలు సంగతేమిటంటే" అంటాం చూడండి, ఆ "అసలు" కూడా అరబ్బీ నుంచి వచ్చినదే, ఇద్దరిదీ ఒకటే ధాతువు. అంటే అసీల్ కోడి అంటే అసలైన కోడి అన్నమాట. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, నిటారు నడక, ఒంటికి అతుక్కున్నట్టుండే గట్టి ఈకలు, చిన్న తల. బాగా ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలు తూగుతుంది. ఊళ్ళలో వీటిని జాతికోడి, పందెంకోడి అని కూడా అంటారు. రంగుని బట్టి మళ్ళీ పేర్లు వేరే: ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఇంకా నెమలి, పర్ల, మైల, పింగళ అని చాలా ఉన్నాయి. ఏ రంగు పుంజుని ఏ రోజు ఏ దిక్కున వదలాలో చెప్పే కుక్కుట శాస్త్రం కూడా ఉంది. దాంట్లో జోస్యం పాలు ఎక్కువే గానీ, రంగుల వర్గీకరణ మాత్రం శ్రద్ధగా కళ్ళు పెట్టి చూసినవాళ్ళు చేసింది.

భారతదేశంలో పశువులు, పక్షుల జాతుల్ని నమోదు చేసే సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉంది: జాతీయ పశు జన్యు వనరుల సంస్థ. 1984లో ఏర్పడింది. దాని పట్టికలో ఇరవై దాకా కోడిజాతులు ఉంటే వాటిలో నాలుగింటికి మన ఆంధ్రతో సంబంధం ఉంది. అసీల్ ఒకటి. విజయనగరం, శ్రీకాకుళం వైపు డంకి. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల్లో కాళస్తి, పేరులోనే శ్రీకాళహస్తి వినిపిస్తోంది కదా! చిత్తూరు, అనంతపురం నుంచి కర్ణాటకలోని కోలారు దాకా ఘాగస్. ఒంగోలు గిత్త పేరు తెలియని తెలుగువాడు ఉండడు. డంకి కోడి పేరు విన్నవాళ్ళు ఎంతమంది? నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాయడానికి కూర్చునేదాకా నేనూ వినలేదు.

కార్న్‌వాల్ దాకా వెళ్ళిన పుంజు

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో భారతదేశంలో పనిచేసిన ఇంగ్లీషు సైనికాధికారులు కొందరు ఇంటికి తిరిగి వస్తూ అసీల్ పుంజుల్ని వెంట తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో కూడా కోడిపందాలు జోరుగా సాగేవి. కార్న్‌వాల్‌లో జనరల్ వాల్టర్ గిల్బర్ట్ వంటివాళ్ళు అసీల్‌ని స్థానిక ఇంగ్లీషు పందెంకోళ్ళతోను, మలయా కోళ్ళతోను కలిపారు. పుట్టిన జాతికి "ఇండియన్ గేమ్" అని పేరు. పోరులో అది పెద్దగా రాణించలేదు. ఛాతీ మరీ వెడల్పు, కాళ్ళు పొట్టి. కానీ కోసి చూస్తే బోలెడు మాంసం! అమెరికాలో ఇదే జాతిని కార్నిష్ అంటారు.

ఇక్కడ అసలు మలుపు. 1948లో అమెరికాలో "రేపటి కోడి" అని దేశవ్యాప్తంగా పోటీ పెట్టారు. తక్కువ మేతతో త్వరగా ఎదిగి, రొమ్ము భాగం నిండుగా ఉండే కోడిని తయారుచెయ్యాలని పోటీ. కార్నిష్‌ని న్యూ హాంప్‌షైర్ జాతితో కలిపి కాలిఫోర్నియాకి చెందిన వాంట్రెస్ తెచ్చిన సంకర కోడి గెలిచింది. నేటి బ్రాయిలర్ల తండ్రి వంశాల్లో కార్నిష్ రక్తం ప్రధానం. అయిదారు వారాల్లో రెండు కిలోలు దాటే ఆ కోడిలో, మన డబ్బాలోని ఆ మెత్తటి రొమ్ము ముక్కలో, అసీల్ వాటా ఉంది. ఆనాడు ఓడ ఎక్కిన పుంజులు కచ్చితంగా మన జిల్లాలవే అని నేను అనడం లేదు. అసీల్ దేశంలో చాలా చోట్ల ఉండేది. మన గోదావరి పుంజుకి వరసకి అన్నదమ్ములు అనుకోవచ్చు.

తమాషా ఏమిటంటే, ఆ మనవడు పెద్దవాడై తిరిగి మన ఇంటికే వచ్చాడు. 1971లో హైదరాబాదులో బి.వి. రావు గారు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. భారతదేశంలో ఆధునిక కోళ్ళ పరిశ్రమకి పునాది వేసినవారిలో ఆయనది ముందు వరస. గుడ్ల ధర రైతులే నిర్ణయించుకోవాలని 1982లో ఎన్.ఇ.సి.సి. ఏర్పడటం వెనక కూడా ఆయనే ఉన్నారు. షెడ్లలో విదేశీ వంశాల బ్రాయిలర్లు వేల సంఖ్యలో పెరిగాయి. పెరట్లో అసీల్ మాత్రం పక్కకి జరిగింది.

కేంబ్రిడ్జి పెరటి ప్రయోగం

మన స్టేషన్లో రైలెక్కితే హిచిన్, లెచ్‌వర్త్, రాయిస్టన్ దాటి గంటలోపే కేంబ్రిడ్జి. ఆ ఊరి పక్కన గ్రాంట్‌చెస్టర్ అనే పల్లెలో విలియం బేట్సన్ అనే ఆయన తన ఇంటి పెరట్లో కోళ్ళు పెంచేవాడు. తినడానికి కాదు, లెక్కపెట్టడానికి! బఠాణీ మొక్కల మీద మెండెల్ చేసిన ప్రయోగాలు 1900లో మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. ఆ సూత్రాలు మొక్కలకేనా, జంతువులకీ వర్తిస్తాయా అన్నది అప్పటి ప్రశ్న. 1902లో బేట్సన్, ఎడిత్ సాండర్స్ కలిసి రాయల్ సొసైటీకి ఇచ్చిన నివేదికలో కోళ్ళకీ వర్తిస్తాయని చూపించారు. ఆ ప్రయోగాల్లో వాడిన జాతుల్లో ఒకటి ఇండియన్ గేమ్. జన్యుశాస్త్రానికి ఇంగ్లీషులో వాడే "జెనెటిక్స్" అన్న మాటని 1905లో పుట్టించింది కూడా ఈ బేట్సనే. అంటే ఆ శాస్త్రానికి పేరు కూడా పెట్టకముందే మన అసీల్ మనవడు ప్రయోగశాలలో ఉన్నాడు.

ఎందుకు? దాని తురాయి కోసం. మామూలు కోడికి రంపపు పళ్ళలాంటి ఒంటి తురాయి ఉంటుంది. అసీల్‌కి, దాని వారసుడైన ఇండియన్ గేమ్‌కి తురాయి చిన్నగా, నెత్తికి అంటుకుని, మూడు వరసల బుడిపెలతో ఉంటుంది. చూడ్డానికి వరసగా పేర్చిన బఠాణీ గింజల్లా ఉంటుంది కాబట్టి దాన్ని బఠాణీ తురాయి అంటారు. వయాన్‌డాట్ అనే జాతికి వెడల్పాటి గులాబీ తురాయి. బఠాణీ తురాయిని గులాబీ తురాయితో కలిపితే ఏమొస్తుంది? రెండింట్లో ఏదో ఒకటి అనుకుంటాం. వచ్చిన పిల్లలన్నిటికీ రెండూ కాని మూడో రకం వచ్చింది, అక్రోటు కాయలాంటి తురాయి! ఆ పిల్లల్ని మళ్ళీ తమలో తాము కలిపితే ఒంటి తురాయి కోళ్ళు కూడా కొన్ని పుట్టాయి, తాతల్లో ఎవరికీ ఒంటి తురాయి లేకపోయినా.

కంప్యూటరు వాళ్ళకి ఇది చాలా తేలిక. రెండు బిట్లు అనుకోండి. మొదటి బిట్ బఠాణీ, రెండోది గులాబీ. 00 అయితే ఒంటి తురాయి. 10 అయితే బఠాణీ. 01 అయితే గులాబీ. 11 అయితే అక్రోటు. అంతే! ఒక్క తేడా ఏమిటంటే ప్రతి బిట్‌కి కోడిలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి. ఆ రెండింట్లో ఒక్కటి 1 అయినా చాలు, తురాయిలో కనబడుతుంది. అక్రోటు పిల్లల్లో ప్రతి బిట్‌కీ ఒక 1, ఒక 0 ఉన్నాయి. వాటిని తమలో తాము కలిపితే నాలుగు అడ్డం, నాలుగు నిలువు, మొత్తం 16 గళ్ళ పట్టిక వస్తుంది. నింపి చూడండి: 9 అక్రోటు, 3 బఠాణీ, 3 గులాబీ, 1 ఒంటి తురాయి. ఇలాంటి పట్టికని పనెట్ చతురస్రం అంటారు. బేట్సన్‌తో కలిసి కోళ్ళ మీద పనిచేసిన రెజినాల్డ్ పనెట్ పేరే దానికి పెట్టారు. ఇక్కడ సెకండరీ స్కూల్లో మీరు గీసే పట్టిక అదే. అది గీసేటప్పుడు ఆ బఠాణీ తురాయి ఎక్కణ్ణించి వచ్చిందో మీ టీచరుకి మీరే చెప్పవచ్చు.

వందేళ్ళ తర్వాత కథ ఇంకొంచెం ముందుకెళ్ళింది. 2004 డిసెంబరులో కోడి జన్యుపటం మొత్తం అచ్చయింది. పక్షుల్లో మొదటిది అదే. దాదాపు వంద కోట్ల అక్షరాలు, అంటే మనిషి పటంలో మూడోవంతు. 2009లో బఠాణీ తురాయికి కారణం దొరికింది: సాక్స్-5 అనే జన్యువులో ఒక ముక్క మళ్ళీ మళ్ళీ కాపీ అయి వరసగా ఉండిపోయింది. ప్రోగ్రామరు ఏమరుపాటుగా ఒకే ముక్కని పదేపదే పేస్టు చేసినట్టు! 2012లో గులాబీ తురాయి సంగతీ తేలింది. అక్కడ క్రోమోజోములో ఒక పెద్ద ముక్క తిరగబడి అతుక్కుంది. నల్ల మాంసం కోడి అని ఈమధ్య మనవాళ్ళు ఎగబడి కొంటున్న మధ్యప్రదేశ్ కడక్‌నాథ్ ఉంది చూశారా, దాని నలుపుకి కూడా కాపీ అయిన ముక్కే కారణం, కాకపోతే వేరే జన్యువు దగ్గర.

పసుపు కాళ్ళ రహస్యం

పెంపుడు కోడి ఎర్ర అడవికోడి నుంచే వచ్చిందని 1868లో డార్విన్ రాశాడు. దాదాపు నిజమే. కానీ 2008లో ఒక చిక్కు బయటపడింది. చాలా కోళ్ళ కాళ్ళు పసుపుగా ఉంటాయి. ఆ పసుపుకి కారణమైన జన్యువు ఎర్ర అడవికోడిది కాదు, బూడిదరంగు అడవికోడిది. ఈ బూడిదరంగు కోడి దక్షిణ భారతం, పశ్చిమ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో ఉండదు. స్థూలంగా గోదావరి లోయే ఈ రెండు అడవికోళ్ళ రాజ్యాలకి సరిహద్దు. ఉత్తరాన ఎర్రది, దక్షిణాన బూడిదది. కెంటకీలో పెరిగినా కెంట్‌లో పెరిగినా పసుపు కాళ్ళ కోడి ఏదైనా మన వైపు అడవుల గుర్తు మోసుకు తిరుగుతోందన్నమాట.

అదే ఏడాది హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో జె. నాగరాజు గారి బృందం భారతదేశపు ఎర్ర అడవికోళ్ళ డి.ఎన్.ఏ. పరిశీలించి, పెంపుడు కోళ్ళలో వాటి పాత్ర కూడా ఉందని చూపింది. 2020లో 863 కోళ్ళ జన్యుపటాలతో జరిగిన పెద్ద అధ్యయనం రెండింటినీ కలిపింది: మొదట మచ్చికయింది నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల అడవికోడి. అక్కణ్ణించి మనుషులతో పాటు ప్రయాణిస్తూ, దారిలో ప్రతి దేశపు అడవికోడితోనూ కలిసింది. మన ఊరి కోడిలో ఉన్నవి ఇంకెక్కడా దొరకకపోవచ్చు అనడానికి ఇదే ఆధారం.

పోతున్నదేమిటి?

2008లోనే అమెరికా శాస్త్రవేత్తలు ఇంకో లెక్క తీశారు. పరిశ్రమలో వాడే కోళ్ళ వంశాలని పాత జాతులతో పోల్చి చూస్తే, వైవిధ్యంలో సగం, కొన్ని వంశాల్లో సగం కంటే ఎక్కువ, మాయమైపోయింది. ప్రపంచపు బ్రాయిలర్ వంశాలన్నీ గుప్పెడు కంపెనీల చేతుల్లో ఉన్నాయి. వేలాది కోళ్ళు ఒకే అచ్చులో పోసినట్టుంటే, ఒక కొత్త రోగం ఒకదాన్ని పడగొడితే అన్నిటినీ పడగొట్టే ప్రమాదం ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఆఫీసులో కంప్యూటర్లన్నిట్లో ఒకే లోపం ఉన్నట్టు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల షెడ్లలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళని గుట్టలుగా పూడ్చిపెట్టిన ఫోటోలు మనం వాట్సప్‌లో చూశాం. ఇక్కడ మాత్రం తక్కువా? ఇంగ్లండులో 2024 అక్టోబరు నుంచి పెరట్లో ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చెయ్యాలి. స్టీవెనేజ్‌లో పెరడున్నవాళ్ళు, కోళ్ళు పెంచుదామని సరదాపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

"అయితే ఊరికోళ్ళనే పెంచుకోవచ్చుగా?" అంటారు పిల్లలు. అసీల్ పెట్ట ఊళ్ళో ఏడాదికి ముప్పై, నలభై గుడ్లకంటే పెట్టదు. ఫారం లేయరు మూడు వందలు దాటిస్తుంది. ఇది బద్ధకం కాదు. అసీల్ పెట్ట డజను గుడ్లు పెట్టగానే పొదగడానికి కూర్చుంటుంది. ఆ 21 రోజులు గుడ్డు పెట్టదు, తర్వాత పిల్లల్ని రెక్కల కింద వేసుకుని గద్దల్ని, పిల్లుల్ని, అవసరమైతే కుక్కల్ని కూడా తరుముతూ మరికొన్ని వారాలు తిరుగుతుంది. లేయరు వంశాల్లో ఈ పొదిగే బుద్ధిని పనిగట్టుకుని తీసేశారు. అందుకే దానికి ఇంక్యుబేటరు కావాలి, కరెంటు కావాలి, కంపెనీ కావాలి. అసీల్‌కి గంప చాలు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వపు కోళ్ళ పరిశోధన సంచాలకాలయం ఉంది. 1988లో ప్రారంభమైంది. పల్లెల్లో పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి రకాలు అక్కడే తయారయ్యాయి. అసీల్ నుంచి అభివృద్ధి చేసిన వనశ్రీ కూడా అక్కడిదే. అసీల్, ఘాగస్, కడక్‌నాథ్, నికోబారీ వంటి జాతుల్ని విడిగా కాపాడుతున్నారు కూడా. మంచి పని. ఎక్కువ గుడ్లు పెట్టే రంగురంగుల కోడి పేద ఇంటికి నిజంగా ఆదాయం. కానీ వనరాజా పుంజు వీధిలో తిరిగితే పక్కింటి అసీల్ పెట్టతో కలవకుండా ఎవరు ఆపగలరు? నాలుగు తరాలు గడిస్తే ఊళ్ళో ఉన్నది ఏ జాతో చెప్పడం కష్టం. నన్నడిగితే మేలురకాలు ఇవ్వడం మానక్కర్లేదు, ఏ మండలంలో ఇవ్వకూడదో ముందే గీత గీసుకుంటే చాలు. అక్కడ అసీల్‌ని అసీల్‌గానే పెంచేవాళ్ళకి సాయం చెయ్యాలి.

అలాంటి సాయం చేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మన్యంలో ఆంత్ర అనే సంస్థలోని పశువైద్యులు ఆదివాసీ మహిళలతో కలిసి అసీల్ మీద పనిచేశారు. వాళ్ళు చూసింది ఏమిటంటే, జాతి తగ్గిపోవడానికి పెద్ద కారణం రోగాలు. ముఖ్యంగా కొక్కెర తెగులు. దీన్నే పుస్తకాల్లో రాణిఖేత్ అంటారు, ఇక్కడివాళ్ళు న్యూకాజిల్ వ్యాధి అంటారు, 1926లో ఆ ఊరి దగ్గర గుర్తించారు కాబట్టి. వేళకి టీకాలు వేస్తే పిల్లలు బతుకుతాయి. రెండో సంగతి, వాళ్ళలో వాటా అనే పాత పద్ధతి ఉంది. కోడి లేని ఇంటికి ఉన్న ఇల్లు ఒక పెట్టనిస్తుంది. పుట్టిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. వడ్డీ లేదు, బ్యాంకు లేదు. ఆ పద్ధతినే ఊతంగా తీసుకుని అసీల్‌ని మళ్ళీ ఇళ్ళకి చేర్చారు. నాకు ఇది చాలా నచ్చింది. ఒకే సమాచారాన్ని పది సర్వర్లలో పెట్టడమంటే ఇదే కదా! ఒక ఇంట్లో తెగులొచ్చినా వంశం ఇంకో ఊళ్ళో బతికుంటుంది.

రెండు పుంజులు, యాభై పెట్టలు

ఇప్పుడు కొంచెం లెక్క. ఒక ఊళ్ళో 50 పెట్టలు, 2 పుంజులు ఉన్నాయి. మొత్తం 52. జాతి భద్రంగా ఉన్నట్టేనా? జన్యుశాస్త్రంలో దీనికొక సూత్రం ఉంది: పుంజుల సంఖ్యని పెట్టల సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగుతో గుణించి, మొత్తం సంఖ్యతో భాగించాలి. 4 × 2 × 50 అంటే 400, దాన్ని 52తో భాగిస్తే 7.7. అంటే పైకి 52 కోళ్ళు కనిపిస్తున్నా, వైవిధ్యం విషయంలో అవి ఎనిమిది కోళ్ళ కింద లెక్క! తరానికి ఆరున్నర శాతం చొప్పున దగ్గర రక్తసంబంధం పెరిగిపోతుంది. అదే 26 పుంజులు, 26 పెట్టలు ఉంటే 52కి 52. సంబంధం పెరిగేది ఒక శాతం కంటే తక్కువ.

పందెంకోళ్ళ పెంపకంలో జరిగేది మొదటి రకమే. గెలిచిన పుంజు ఒకటి దొరికితే చుట్టుపక్కల పెట్టలన్నిటికీ దాన్నే కలుపుతారు. ఇంకోవైపు, ఇంకా వేగం కావాలని పెరూ వంటి దేశాల జాతులతో కలిపిన పుంజులు ఇప్పుడు గోదావరి జిల్లాల్లో తిరుగుతున్నాయి. జాతి పేరుతో గర్వపడేవాళ్ళే జాతిని పలచన చేస్తున్నారు.

పందెం గురించి దాచిపెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు. పల్నాటి కథ నుంచి సంక్రాంతి బరుల దాకా కోడిపోరు మన చరిత్రలో ఉంది. కాళ్ళకి కత్తులు కట్టి వదలడం క్రూరత్వం, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. అదే సమయంలో, అసీల్ ఇన్నాళ్ళు బతకడానికి ఆ పందెం డబ్బే ఒక కారణం అన్నదీ నిజం. పందెం పోతే కోడిని ఎవరు పెంచుతారు అని మన ఊళ్ళో పెద్దలు అడిగితే ఏం చెప్పాలి? ఇంగ్లండు ఏం చేసిందో చెప్పవచ్చు. ఇక్కడ 1835లో కోడిపందాలు నిషేధించారు. పదేళ్ళకి, 1845లో, లండన్ జంతుప్రదర్శనశాలలో కోళ్ళ ప్రదర్శన పెట్టారు. కత్తి కట్టే మోజు కాస్తా కప్పు గెలిచే మోజుగా మారింది. ప్రతి జాతికీ తురాయి ఎలా ఉండాలి, కాలి రంగు ఏమిటి అని ప్రమాణాలు రాసుకున్నారు. పాత పందెం జాతులు అలా మిగిలాయి. మన దగ్గర కూడా కొన్ని జిల్లాల్లో చిలకముక్కు కోళ్ళకి అందాల పోటీలు మొదలయ్యాయి. వాటికి డి.ఎన్.ఏ. పరీక్ష కూడా తోడైతే బాగుంటుంది. జాతుల మధ్య దూరం కొలవడానికి కోడి డి.ఎన్.ఏ.లో చూడవలసిన 30 గుర్తుల పట్టికని ఎఫ్.ఎ.ఓ. ఎప్పుడో సిఫారసు చేసింది. కాస్త రక్తం చుక్క చాలు.

బ్యాకప్ సంగతి

మా వృత్తిలో ఒక మాట ఉంది: తిరిగి తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్పే కాదు. కోడి విషయంలో ఇది పెద్ద సమస్య. ఆవుకి పిండాన్ని గడ్డకట్టించి దాచవచ్చు. కోడి గుడ్డుని దాచలేం, అంత పెద్ద పచ్చసొన గడ్డకడితే పాడైపోతుంది. పుంజు వీర్యాన్ని దాచవచ్చు గానీ అది సగం సమాచారమే. పక్షుల్లో మనకి తిరగబడి ఉంటుంది. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఆ డబ్ల్యూ వీర్యంలో ఉండదు. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. కూడా రాదు. వేరే జాతి పెట్టలతో మొదలుపెట్టి, ప్రతి తరం పెట్టల్నీ మళ్ళీ మళ్ళీ అసీల్ వీర్యంతో కలుపుతూ పోతే అయిదో తరానికి 97 శాతం దాకా వస్తాం. తల్లి వంశం మాత్రం పరాయిదిగానే మిగులుతుంది.

దీనికి దారి వెతికింది ఎడింబరో దగ్గర రోస్లిన్ సంస్థ. 1996లో డాలీ గొర్రె పుట్టింది అక్కడే. కోడి పిండం రెండు మూడు రోజుల వయసులో ఉన్నప్పుడు, రేపు గుడ్లుగానో వీర్యంగానో మారవలసిన మూలకణాలు దాని రక్తంలో ప్రయాణిస్తుంటాయి. సూదితో చుక్క రక్తం తీసి, ఆ కణాల్ని పెంచి, ద్రవ నత్రజనిలో దాచవచ్చు. ఆడ పిండం నుంచి, మగ పిండం నుంచి రెండూ తీస్తే సమాచారం పూర్తిగా ఉన్నట్టే. మరి తిరిగి తెరవడం? తమ సొంత గుడ్లు, వీర్యం తయారుకాని అద్దె తల్లి, అద్దె తండ్రి కోళ్ళని జన్యుసవరణతో తయారుచేశారు. దాచిన కణాల్ని వాటి పిండాల్లోకి ఎక్కిస్తే, అవి పెద్దయ్యాక పెట్టే పిల్లలు అద్దెవాళ్ళవి కాదు, దాచిన జాతివి. 2019లో పెట్టల సంగతి చెప్పారు. 2021లో పుంజులు, పెట్టలు రెండూ కలిపి చేసి చూపించారు. అంటే బ్యాకప్ తెరుచుకుంది!

మన డంకి, కాళస్తి, అసీల్ కణాలు కూడా ఇలా దాస్తే మంచిదే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ద్రవ నత్రజనిలో ఉన్న కోడి కొత్త తెగులుకి తట్టుకోవడం నేర్చుకోదు, గద్దని చూసి పిల్లల్ని రెక్కల కిందకి లాక్కోదు. అది మన్యంలో వాటా కింద వెళ్ళిన పెట్టే చెయ్యాలి.

ఇంటిపని

1. రాజు మావయ్య సంతలో ఒక పుంజుని కొన్నాడు. అమ్మినవాడు "స్వచ్ఛమైన అసీల్, తురాయి చూసుకోండి, బఠాణీ" అన్నాడు. మావయ్య దాన్ని ఒంటి తురాయి పెట్టతో కలిపాడు. పన్నెండు పిల్లలు పుడితే అయిదింటికి ఒంటి తురాయి వచ్చింది. పుంజు దగ్గర బఠాణీ బిట్ ప్రతులు ఎన్ని ఉన్నాయి? అమ్మినవాడి మాట నిజమేనా? పట్టిక గీసి చూపండి.

2. పన్నెండింటికీ బఠాణీ తురాయే వచ్చి ఉంటే, అది స్వచ్ఛమైన అసీల్ అని చెప్పగలమా? తురాయి ఒక్కటే సరిపోతుందా, ఇంకేం చూడాలి?

3. ఒక ఊళ్ళో 5 పుంజులు, 45 పెట్టలు ఉన్నాయి. పై సూత్రం ప్రకారం అవి ఎన్ని కోళ్ళ కింద లెక్క? మరో 5 పుంజుల్ని పక్క ఊరి నుంచి వాటాకి తెస్తే ఎంతవుతుంది?

4. మీ అమ్మమ్మకో, తాతయ్యకో ఫోను చేసి, వాళ్ళ ఊళ్ళో కోళ్ళ రంగులకి ఏ పేర్లు వాడతారో అడిగి రాసుకుని రండి. డేగ, కాకి, సేతువ పైన చెప్పేశాను కాబట్టి అవి కాకుండా కనీసం మూడు.